మామిడి తోటకు ముందు నేల గుంత తీయించి చదివించుకున్నాం: ఖర్చు, ఫలితం, రేటింగ్

పండ్ల తోట పెట్టాలనుకునేవాళ్లు మొక్కలకు అడ్వాన్స్ ఇవ్వకముందే తమ నేలలో నిలువు గుంత తీయించి, ఆ గుంత గోడలో కనిపించే మట్టి పొరలను చదవగలిగిన మనిషితో చదివించుకోవాలని గట్టిగా చెప్తాను. మేం ఆ సేవ తీసుకున్నాం. నా రేటింగ్ ఐదుకు నాలుగు. పొలంలో జరిగిన పనికి ఐదుకు ఐదూ ఇస్తాను. తర్వాత వచ్చిన రిపోర్టుకు మాత్రం మూడుకు మించి ఇవ్వలేను. ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి సంస్థ పేరు పెట్టడం లేదు. ఇలాంటి పని చేసేవాళ్లు మీకు దగ్గర్లో ఎవరున్నా, వాళ్లను ఏం అడగాలో తెలిస్తే చాలు.

మా భూమి వికారాబాద్ జిల్లాలో, కుల్కచర్ల వైపు. మొత్తం ఐదెకరాలు. పై మూడెకరాలు ఎర్ర చెల్క, కింద రెండెకరాలు నల్లరేగడి, మధ్యలో వాలు. పై గట్టు అవతల ఎప్పుడూ నాగలి పడని కంచె, అంటే పొదలు పెరిగే బీడు, ఉంది. నేను, మావారు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తాం. పొలం చూసేది మా అత్తమ్మ. చెల్కలో మక్క, కింద కంది, జొన్న వేస్తూ వచ్చాం. కూలీలు దొరకడం కష్టమైంది కాబట్టి మొత్తం మామిడి పెట్టేద్దామని మావారి ఆలోచన. రేగడిలో మామిడి బతకదని అత్తమ్మ పట్టుదల. ఇంట్లో ఈ వాదన తెగక టెన్షన్ పడుతుంటే, తెలిసినవాళ్ల ద్వారా ఈ సంస్థ సంగతి తెలిసింది. నేల సర్వేలో పనిచేసి రిటైరైన ఒక శాస్త్రవేత్త, అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన ఇద్దరు కుర్రాళ్లు కలిసి నడుపుతున్నారు.

మామూలు మట్టి పరీక్ష మనందరికీ తెలిసిందే. చేలో ఎనిమిది పది చోట్ల, జానెడు లోతున ఇంగ్లీషు 'వి' ఆకారంలో తవ్వి, అంచు మట్టి తీసి, అంతా కలిపి, అర కిలో సంచిలో వేసి ల్యాబ్‌కు పంపుతాం. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో పన్నెండు అంశాలు చూస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు లాంటి సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం (మట్టిలోని జీవపదార్థానికి కొలత). మక్కకో పత్తికో యూరియా ఎంత వేయాలో తేల్చుకోవడానికి అది సరిపోతుంది. చెట్టు సంగతి వేరు. దాని వేరు మీటరు, రెండు మీటర్లు దిగుతుంది. జానెడు కింద ఏముందో ఆ సంచి మట్టి చెప్పదు. అందుకే తోటలకు గుంత తీసి, పొర పొరకూ విడిగా మట్టి తీయాలి. మేం కొన్నది ఈ సేవనే.

రెండు గుంతలు, ఐదు శాంపిళ్ల ల్యాబ్ పరీక్ష, పొలంలో ఒక పూట, తర్వాత రిపోర్టు. అన్నిటికీ కలిపి 9,000 రూపాయలు. జేసీబీ కిరాయి విడిగా మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. బుక్ చేసినప్పుడే చెప్పాల్సింది.

పొద్దున్నే వచ్చారు. ముందు గుంత ఎక్కడ తీయాలన్న దాని మీదే చాలాసేపు తిరిగారు. గెట్టు పక్కన వద్దు, పాత పెంటకుప్ప ఉన్న చోట వద్దు, చెట్టు నీడలో వద్దు. చెల్క మధ్యలో ఒకటి, రేగడిలో ఒకటి గుర్తు పెట్టారు. మనిషి భుజం లోతు తవ్వించారు. ఎండ పడే వైపు గోడను నిలువుగా ఉంచి, దాని మీద, దాని పైన ఎవరినీ తొక్కనివ్వలేదు. తీసిన మట్టి అంతా ఆ గోడకు అవతలి వైపే పోయించారు. రిటైరైన శాస్త్రవేత్త సార్ గుంతలో దిగి, జేసీబీ పళ్లు రుద్దిన నున్నటి మట్టిని కత్తి మొనతో చిన్న చిన్న పెళ్లలుగా ఊడదీశారు. అలా తీశాకే నేల అసలు ముఖం కనిపిస్తుందట. తర్వాత పై నుంచి కింది దాకా కత్తితో పొడుస్తూ వచ్చారు. కత్తి సులువుగా దిగిన చోటు, ఆగిన చోటు, కరకరమన్న చోటు, అన్నీ టేపు పట్టి రాయించారు. ఒక్కో పొర నుంచి చిటికెడు మట్టి తీసి, నీళ్లు చిలకరించి, మన్‌సెల్ రంగుల పుస్తకంలోని బిళ్లల పక్కన పెట్టి రంగు సరిచూశారు. తడి మట్టిని బొటనవేలుతో పట్టీలా నొక్కి, ఎంత పొడవు వచ్చాక తెగిందో చూశారు. పట్టీ ఎంత పొడవు వస్తే అంత బంక.

చెల్క గుంతలో పైన బెత్తెడు మందాన గోధుమ రంగు మట్టి. ఇసుక పాలు ఎక్కువ, వేళ్లు ఎక్కువ. దాని కింద రంగు మారి చిక్కటి ఎరుపు, మట్టి బిగుతు. ఇంకా కిందికి పోతే ఎరుపులో తెల్లటి, పసుపుపచ్చ పలుకులు కలిసిన మొరం. నడుము లోతు దాటాక రాయి ఆకారం అలాగే ఉంటుంది, కానీ వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఆ కింద గట్టి రాయి.

"ఇది కింది నుంచి పైకి చదవాలమ్మా" అన్నారు సార్. నాకు ఆ పూటలో అన్నిటికన్నా నచ్చింది ఆ చదువే. అడుగున ఉన్నది మా వైపు గుట్టలన్నిటిలో కనిపించే గ్రానైట్. అందులో ప్రధానంగా పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం ఉంటాయి. వాన నీళ్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులిసి నేలలోకి దిగుతాయి. నేలలో వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి తీసి వదిలే గాలిలో ఆ వాయువు బయటి గాలికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి వేళ్లున్న చోట ఆ పులుపు ఇంకా ఎక్కువ. ఆ నీటికి ఫెల్డ్‌స్పార్ మెల్లగా కరిగి బంకమట్టిగా మారుతుంది. పలుగురాయి కరగదు. అది ఇసుకగా మిగులుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము బయటపడి తుప్పు పడుతుంది, మన చెల్క ఎరుపు ఆ తుప్పుదే. వానలతో పాటు సన్నటి బంకమట్టి పై పొర నుంచి కిందికి జారుతుంది. పైన ఇసుక పాలు, కింద బిగుతు ఉండటానికి అది ఒక కారణం. ఇలా ఒక్క అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. ఆ బెత్తెడు గోధుమ పొర వైపు చూస్తూ ఈ మాట వింటే, ట్రాక్టరుతో ఎడాపెడా దున్నించిన రోజులు ఎవరికైనా గుర్తుకొస్తాయి.

రేగడి గుంత దగ్గర కథ వేరు. గోడ పై నుంచి కింది దాకా దాదాపు ఒకే నలుపు. పొరలు విడదీయడానికే సార్‌కు కష్టమైంది. ఎండకు పడ్డ నెర్రెలు మోకాలి లోతు దాకా దిగి ఉన్నాయి. పై మట్టి పెళ్లలు, ఎండు జొన్న దంటు ముక్కలు ఆ నెర్రెల్లో పడి లోతున కనిపించాయి. నడుము లోతులో సార్ ఒక పెద్ద పెళ్ల ఊడదీసి నా చేతిలో పెట్టారు. దాని ఒక పక్క ఏటవాలుగా, నున్నగా, ఎండకు మెరుస్తోంది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే బంకమట్టి ఏటేటా ఒకదాని మీద ఒకటి జారి రుద్దుకుంటే అలాంటి పలకలు ఏర్పడతాయట. నేల లోపల ఇంత కదలిక ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకా కింద తెల్లటి సున్నపు గడ్డలు. వాటి మీద పలచటి యాసిడ్ చుక్క వేయగానే బుసబుసమని పొంగింది.

ఒకే గట్టు కింద రెండు నేలలు ఎలా వచ్చాయని మావారు అడిగారు. వాలు వల్ల. పైన పడ్డ వాన రాతిలోని కాల్షియం, మెగ్నీషియం, సిలికాను కరిగించి కిందికి మోసుకుపోతుంది. పైన అవన్నీ కడుక్కుపోయి ఇనుము, ఉబ్బని రకం బంకమట్టి మిగులుతాయి. కింద అవన్నీ చేరి, నీళ్లు త్వరగా దిగక, ఉబ్బే రకం బంకమట్టి తయారవుతుంది. తెలంగాణలో గ్రానైట్ నేలల్లో పైన చెల్క, కింద రేగడి ఇలా జంటగా కనిపించడం మామూలేనట. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) క్యాంపస్‌లో కూడా ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. రెంటి మీదా అక్కడ దశాబ్దాలుగా ప్రయోగాలు చేస్తున్నారు.

నలుపు గురించి సార్ చెప్పిన ఇంకో మాట రైతులందరూ వినాల్సింది. నల్లగా ఉంది కాబట్టి బలమైన మట్టి అనుకుంటాం. 1883లో రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ నేల పుట్టుక గురించి రాసింది కూడా ఒక నల్లమట్టి మీదే. అక్కడి గడ్డి మైదానాల్లో వేల ఏళ్లుగా గడ్డి వేళ్లు చచ్చి, చలికి త్వరగా కుళ్లక, మీటరు మందాన పేరుకున్న జీవపదార్థం వల్ల అది నల్లబడింది. మన రేగడి అలా కాదు. ఇక్కడి ఎండకు ఆకు, వేరు త్వరగా కరిగిపోతాయి. కొద్దిపాటి జీవపదార్థమే ఆ బంకమట్టికి గట్టిగా అతుక్కుని నల్లరంగు ఇస్తుంది. మా రేగడి శాంపిల్లో సేంద్రియ కర్బనం 0.46 శాతం వచ్చింది. 0.5కు తక్కువుంటే 'తక్కువ' అనే లెక్క. అంత నల్లటి నేల ఆ లెక్కలో తక్కువ కిందికే వచ్చింది.

రెండు గుంతలతో మా ప్యాకేజీ అయిపోయింది. టీ తాగుతూ సార్ గట్టు అవతలి కంచె వైపు చూసి, "అక్కడొక పార పట్టు తవ్వుకోవచ్చా, దీనికి డబ్బులేం వద్దు" అన్నారు. నా దృష్టిలో ఈ సేవ విలువంతా ఆ పార పట్టులోనే ఉంది.

ముందు అత్తమ్మను అడిగారు: "ఈ కంచెలో ఏమేం మొలుస్తాయమ్మా?"

"పైన గుండ్ల కాడ తంగేడు, సీతాఫలం, బలుసు. జర కిందికొస్తే మోదుగ. ఒర్రె పొంటి ఈత, నల్లతుమ్మ. గీ గుండ్ల కాడ ఈత వెట్టినా బతుకది సారూ. నీళ్ల కాడిది నీళ్ల కాడనే మొలుస్తది."

సార్ తన నోట్‌బుక్ తీసి, గుంతల వివరాలు రాసిన పేజీ పక్కనే ఇవి కూడా రాసుకున్నారు. "సగం మ్యాపు మీరే ఇచ్చారమ్మా" అన్నారు. మా అత్తమ్మ ముఖం చూడాలి అప్పుడు. చదువుకున్నవాళ్లెవరూ అంతవరకూ ఆమె మాట రాసుకోలేదు.

తర్వాత తంగేడు పొద పక్కన పారతో ఒక చతురం తవ్వారు. పైన ఎండుటాకులు. వాటి కింద సగం కుళ్లిన ఆకు, దాన్ని అల్లుకుని తెల్లటి బూజు దారాలు. ఆ కింద ముదురు గోధుమ రంగు మట్టి, మా చేలో ఉన్న పొరకు రెట్టింపు మందం. చేతిలోకి తీసుకుంటే సగ్గుబియ్యంలా గింజలు గింజలుగా విడిపోయింది. గట్టుకు ఇవతల మా చేలో మట్టి నొక్కితే పొడి, తడిపితే ముద్ద. గట్టుకు అవతల గింజ కట్టిన మట్టి. మధ్య దూరం ఇరవై అడుగులు కూడా లేదు.

నేల పుట్టుకకు ఐదు కారణాలని హాన్స్ జెన్నీ అనే శాస్త్రవేత్త 1941లో సిద్ధాంతం చేశాడట: పుట్టిన రాయి, వాతావరణం, వాలు, మొక్కలూ జీవులూ, గడిచిన కాలం. "ఇక్కడ రాయి అదే, వాన అదే, వాలు అదే, వయసు అదే. మారింది పైన ఏం మొలిచిందన్నది ఒక్కటే" అన్నారు సార్. ఆ మాట కోసమే నేను ఈ రివ్యూ రాస్తున్నాను. మట్టి ఉంటే మొక్క మొలుస్తుందని మనకు తెలుసు. మొక్క మట్టిని తయారు చేస్తుందన్నది అక్కడ కళ్ల ముందు కనిపించింది.

మాటతో వదల్లేదు. గట్టుకు రెండు వైపులా, మూతా అడుగూ లేని రేకు డబ్బా ఒకటి నేలలో రెండు వేళ్ల లోతు దిగగొట్టి, చెరొక లీటరు నీళ్లు పోయించారు. కంచెలో పోసిన నీళ్లు మేం మాట్లాడుకుంటుండగానే ఇంకిపోయాయి. చేలో పోసినవి అలాగే నిలబడి, పైన సన్నటి బురద పొర కట్టాయి. పైన ఆకు కప్పు లేని చెల్క మీద వాన చినుకు నేరుగా పడితే మట్టి గింజ పగిలి, ఆ సన్నటి పొర రంధ్రాలన్నీ మూసేస్తుంది. అది ఎండితే పెచ్చు కడుతుంది, మొలక పైకి రాలేదు, మళ్లీ వాన పడితే నీళ్లు దిగవు, పారతాయి. పారే నీళ్లతో పై మట్టి పోతుంది. మక్క మొలక ఎందుకు పల్చబడుతోందని మేం విత్తనాల కంపెనీలను మారుస్తూ వచ్చాం.

కంచెలో ఒక పుట్ట కూడా ఉంది. చెదలు కింది పొరల్లోని సన్నటి బంకమట్టిని ఒక్కో రేణువు పైకి మోసుకొచ్చి దాన్ని కడతాయి. వానకు కిందికి జారిన బంకను ఇవి తిరిగి పైకి చేరుస్తున్నాయన్నమాట. పుట్టమన్ను అంత మెత్తగా ఉండటానికి కారణం అదే. వెంపలి మొక్క ఒకటి పీకి వేళ్ల మీది బుడిపెలు చూపించారు. అందులో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. తంగేడు వేళ్లకు ఆ బుడిపెలు రావు. కానీ దాని వేరు మొరం పగుళ్లలోకి దిగి, అక్కడి పోషకాలను ఆకులోకి తెస్తుంది, ఆకు రాలి పై మట్టిలో కలుస్తుంది. పెద్దవాళ్లు తంగేడు, కానుగ రొట్ట కోసి పొలంలో తొక్కించింది ఇందుకే. ఆ పని మా తరంలోనే ఆగింది.

తిరిగి వెళ్లేటప్పుడు కారు దాకా నడుస్తూ మా జిల్లా గురించే సార్ చెప్పిన సంగతులు ఇక్కడ రాయకుండా ఉండలేను. అనంతగిరి గుట్టల మీద ఉన్నది గ్రానైట్ కాదు. లావా చల్లబడి ఏర్పడ్డ బసాల్ట్, దాని పైన లక్షల ఏళ్ల వానలకు అన్నీ కడుక్కుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలిన లేటరైట్ ఎర్రరాయి. అలాంటి చోట నేలను పట్టి ఉంచేది ఆ అడవే, మూసీ పుట్టేదీ అక్కడే. పడమర తాండూరు వైపు పోతే కింద సున్నపురాయి, మనం బండలుగా పరుచుకునేది. ఆ సున్నం కలిసిన నల్లనేలలో పండే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక జిల్లాలోనే రాయి మారితే నేల, నేల మారితే పంట ఇలా మారాయి. రాష్ట్రం దాటి చూస్తే ఎర్రచందనం శేషాచలం, వెలికొండ వైపు రాళ్లు తేలిన పలచటి నేలల్లోనే సహజంగా పెరుగుతుంది. టేకు కాల్షియం బాగా ఉండి నీరు నిలవని చోటును ఇష్టపడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో అంత టేకు ఉండటానికి అక్కడి బసాల్ట్ నేలలు తోడ్పడ్డాయి. కోరింగ దగ్గర మడ చెట్లు ఉప్పు బురదలో నిలబడి, గోదావరి తెచ్చే ఒండ్రును వేళ్ల మధ్య ఆపుకుంటాయి. ఎక్కడ చూసినా రాయి మట్టికి ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు లోపల ఎంత మంచి నేల కావాలో పైన పెరిగేవి తేలుస్తాయి.

ఇక రిపోర్టు. వారంలో ఇస్తామన్నది నెల దాటాక వచ్చింది. రెండుసార్లు ఫోన్ చేస్తే ల్యాబ్‌లో ఆలస్యమన్నారు. వచ్చింది కూడా పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. పొలం చూసే మనిషి మా అత్తమ్మ. ఆమె చదవలేని రిపోర్టుకు మేం డబ్బులు కట్టాం. పొలంలో అంత చక్కగా తెలుగులో చెప్పిన సంస్థ, కాగితం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారిందో అర్థం కాలేదు. ఎరువుల పట్టికలో రేగడికీ చెల్కకూ ఒకే మోతాదు ముద్రించి ఉంది. అడిగితే సరిచేసి పంపారు, కానీ అడగనివాళ్ల సంగతేమిటి? రేటింగ్‌లో ఒక స్టార్ పోయింది ఇక్కడే.

అంకెలు మాత్రం ఉపయోగపడ్డాయి. చెల్క ఉదజని సూచిక 6.6, రేగడిది 8.2. చెల్క పై పొరలో సేంద్రియ కర్బనం 0.34 శాతం. సార్ తనంతట తాను తీసిన కంచె మట్టిలో 0.92. కంచె శాంపిల్ ఖర్చు మా దగ్గర తీసుకోలేదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక మావారు కూడా మొత్తం ఐదెకరాల మామిడి మాట మళ్లీ ఎత్తలేదు.

చివరికి తేలింది ఇది. రేగడిలో మామిడి వద్దు. ఉబ్బి కుంచించుకుపోయే నేల సన్నటి వేళ్లను తెంపుతుంది, వానాకాలం నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. కంది, జొన్న అక్కడే కొనసాగిస్తాం. వాలు మధ్యలో మొరం మెత్తగా, లోతుగా ఉన్న ఎకరంన్నరలో మామిడి. పైన రాయి దగ్గరగా ఉన్న చోట సీతాఫలం, కంచెలో ఎలాగూ అదే మొలుస్తోంది, పైగా బాలానగర్ రకం పుట్టింది మన పాలమూరు నేలల్లోనే. మొక్కల వరసల మధ్య దున్నకుండా జనుము, వెంపలి ఉంచాలి, ఆకు అక్కడే రాలనివ్వాలి. చెల్కకు ఎండాకాలంలో చెరువు మట్టి తోలించాలి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు మా ఊర్లో చాలామంది తోలించారు, మేం పట్టించుకోలేదు. చెరువు మట్టి అంటే పై చేలల్లోంచి కొట్టుకుపోయిన సన్నటి మట్టే. బంక పాలు తక్కువున్న చెల్కకు అది నీటిని పట్టి ఉంచే శక్తి ఇస్తుంది. అయితే తోలించే ముందు దాన్ని కూడా పరీక్ష చేయించమన్నారు. కొన్ని చెరువుల మట్టిలో ఉప్పు ఉంటుంది.

9,000 రూపాయలు అందరూ పెట్టాలా అంటే, అక్కర్లేదు. ఏటా వేసే పంటలకైతే వ్యవసాయ శాఖ చేసే పరీక్ష చాలు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ పరీక్ష చేయించుకోవచ్చు, కృషి విజ్ఞాన కేంద్రాల్లో సలహా దొరుకుతుంది. తోట పెట్టేవాళ్లు, కొత్తగా భూమి కొనేవాళ్లు మాత్రం గుంత తీయించాలి. ఎకరం ధరతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకే రాదు. కొనబోయే భూమిలో గుంతకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, కనీసం దగ్గర్లో కొత్తగా తవ్విన బావి, రోడ్డు కోసం కోసిన గట్టు చూడండి. నేల పొరలు అక్కడ ఉచితంగా కనిపిస్తాయి.

బుక్ చేసే ముందు కొన్ని అడగండి. గుంత దగ్గరికి వచ్చేది నేల చదివిన మనిషా, శాంపిల్ తీసుకుపోయే కుర్రాడా? జేసీబీ ఎవరిది? రిపోర్టు తెలుగులో ఇస్తారా? దున్నని చోట, కంచెలోనో గుడి తోపులోనో, ఒక శాంపిల్ పోల్చి చూపిస్తారా? చివరిది కచ్చితంగా అడగండి, ఒప్పుకోకపోతే వేరేవాళ్లను చూసుకోండి. వానలు తగ్గి నేల ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నప్పుడు, దీపావళి తర్వాత, పెట్టుకుంటే మంచిది. నడి ఎండాకాలంలో చెల్క గోడ గట్టిపడి కత్తి దిగదు, వానాకాలంలో రేగడి గుంత నిండిపోతుంది. ఊర్లో నేలా చెట్టూ తెలిసిన పెద్దవాళ్లను ఆ పూట దగ్గరే ఉంచుకోండి. జేసీబీ డ్రైవరుకు మొదటి బొచ్చె తీయకముందే చెప్పండి: పై మట్టి ఒక కుప్ప, కింది మొరం ఒక కుప్ప. పూడ్చేటప్పుడు మొరం ముందు, పై మట్టి చివర. మేం చెప్పకపోతే మా డ్రైవరు రెండూ కలిపేసేవాడే. మామిడి గుంతలు తీసేటప్పుడు కూడా ఇదే వరస, కాకపోతే అక్కడ పై మట్టిని పశువుల ఎరువుతో కలిపి వేరు దగ్గర వేయాలి.